నూటపదిహేడో రంగు

బెంగళూరు కబ్బన్‌పేటలో పట్టునూలుకు రంగులద్దే ఇంట్లో పుట్టి, రంగుతొట్టి ముట్టనని మొండికేసిన మొదటి మనిషి రామాంజినప్ప. తొట్టి ఆవిరి తనకు పడదని, ఆయాసం వస్తుందని అందరికీ చెప్పేవాడు. అసలు సంగతి వేరు. పొద్దున మొదలుపెట్టిన ఒక్క రంగునే పొద్దుగూకేదాకా చూస్తూ కూర్చోవడం ఆయనకు గిట్టదు. అన్న పెద్దమునియప్పకు అటువంటి బాధలేమీ లేవు. మోచేతుల దాకా ఒకరోజు వంకాయరంగు, ఇంకోరోజు చిలకపచ్చ పూసుకుని నిశ్చింతగా తిరిగేవాడు. తమ్ముడు ఎదురైతే చాలు, "ఏమిరా, నీ చేతులు పెండ్లికొడుకు చేతుల మాదిరి ఉండాయి. మనింటోనివేనా?" అని ఆటపట్టించేవాడు.

తమ్ముడు అవెన్యూ రోడ్డులో ఒక ఫోటో స్టూడియోలో చేరాడు. నలుపుతెలుపు ఫోటోల్లో మనుషుల ముఖాల మీది మచ్చలు, మడతలు సన్నటి కుంచెతో దిద్దడం ఆయన పని. పని బాగానే చేసేవాడు గానీ, అక్కడ నలుపూ తెలుపూ తప్ప ఇంకేమీ లేవు. ఒకే రంగు చూడలేనని ఇల్లు దాటిన మనిషి, అసలు రంగే లేని చోటికి వెళ్ళి పడ్డాడు.

డెబ్బై ఒకటిలో ఒక ఆదివారం, పాత సామాన్ల సంతలో ఆయనకు ఒక చెక్కపెట్టె దొరికింది. ఎవరో దొరసాని ఊరు వదిలి పోతూ అమ్ముకున్న సామానులోది. లోపల నలభై ఎనిమిది గాడులు, వాటిలో ముప్పై ఒక్క పేస్టల్ కడ్డీలు. వేలితో తాకితే సీతాకోకచిలుక రెక్క మాదిరి పొడి అంటుకుంది. నీళ్ళు వద్దు, నూనె వద్దు. కాగితం మీద గీసి వేలితో రుద్దితే చాలు, చర్మం కిందినుంచి వెలుగు వచ్చినట్టు ఉంది. రామాంజినప్పకు మతి పోయింది. ఇంటికి రాగానే పెళ్ళాం సొన్నమ్మను గడప దగ్గర కూర్చోబెట్టి ఆమె ముఖం గీశాడు.

సొన్నమ్మ కాగితాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"ఎవురీమె? జ్వరమొచ్చిన దొరసాని మాదిరి ఉండాది."

ఆమె అన్నది నిజమే. ఆ పెట్టెలో తెల్లవాళ్ళ బుగ్గలకు పదకొండు రకాల గులాబీలు ఉన్నాయి. మన మనిషిది ఒక్క చెంప కూడా లేదు. కొత్తవి కొందామంటే అటువంటి సరుకు ఊళ్ళో ఏ అంగట్లోనూ దొరకని కాలం. చివరికి ఉపాయం సొన్నమ్మే చెప్పింది.

"మీ అన్న కాడ రంగులకు కరువా? సీమసుద్ద ఉండాది, తుమ్మబంక ఉండాది. చేసుకుంటే పోలా?"

అప్పటినుంచి ఆ ఇంట్లో కొత్త వంట మొదలైంది. రామాంజినప్ప అన్న దగ్గరి రంగుపొడిని పటిక నీళ్ళలో కలిపి, సుద్దపొడిని అందులో నానబెట్టి, గుడ్డలో వడగట్టేవాడు. సొన్నమ్మ దాన్ని బంకనీళ్ళతో మెత్తగా పిసికి, పీట మీద ఒత్తుల్లా తాల్చి, చేటలో పరిచేది. బంక ఒక చుక్క ఎక్కువైతే కడ్డీ రాయి అవుతుంది, తక్కువైతే పిండి అవుతుంది. ఆ చుక్క సొన్నమ్మ చేతికి తెలిసినట్టు రామాంజినప్పకు ఏనాడూ తెలియలేదు. కడ్డీలను ఆమె నీడలోనే ఆరబెట్టేది. ఆ ఇంటి అలవాటే అంత. రంగు వేసిన నూలు కూడా అక్కడ నీడపందిరి కిందే ఆరుతుంది. ఎనిమిదేళ్ళప్పుడు రామాంజినప్ప ఆటలో ఒక తడి నూలుచిలపను ఎండలోకి ఈడ్చుకుపోయినందుకు నాయన చెంప పగలగొట్టాడు. ఎందుకు కొట్టాడో ఆయన చెప్పలేదు, వీడు అడగలేదు.

ఇక రంగులు పోగుచేసే పిచ్చి పట్టింది. బస్సులో పక్కసీటు మనిషి మెడ, మార్కెట్లో మల్లెపూలమ్మే ఆమె ముంజేయి, బీడీ కాల్చి కాల్చి నల్లబడ్డ పెదవి, పసుపు రాసుకుని కడుక్కున్న చెంప, ఏది కనిపించినా కళ్ళలో పెట్టుకుని ఇంటికి పరిగెత్తేవాడు. పూలమ్మే ఆమె ఒకసారి బుట్ట దించి మరీ తిట్టింది. ఆ తిట్లన్నీ తిని వచ్చి ఆమె రంగు చేసుకున్నాడు, అది నలభై మూడోది. పూర్తయిన కడ్డీలను బిస్కెట్ డబ్బాల్లో బియ్యపునూకల మధ్య పరిచేవాడు, ఒకదాని పొడి ఇంకోదానికి అంటకుండా. ప్రతి దానికీ ఒక చీటీ, చీటీ మీద అంకె, పక్కన ఆ రంగు ఎవరిదో రాసేవాడు.

పని దానంతట అదే వచ్చింది. పోయినవాళ్ళ నలుపుతెలుపు ఫోటో పట్టుకొచ్చి, రంగుల్లో పెద్దపటం చేసిమ్మని అడిగేవాళ్ళు. చిక్కల్లా ఒక్కటే. పోయినామె ఏ రంగు అని అడిగితే అందరూ ఒకటే మాట, చామనచాయ. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మొగుళ్ళకు కూడా పెళ్ళాం రంగు చెప్పడానికి ఇంకో మాట దొరికేది కాదు. రామాంజినప్ప తల పట్టుకునేవాడు.

డెబ్బై మూడులో బళేపేటలో కంబళ్ళ అంగడి నడిపే వెంకటగిరియప్ప వచ్చాడు. భార్య నాగమ్మ పోయి నెల. ముత్తైదువుగా పోయింది. చేతిలో రేషన్ కార్డంత ఫోటో ఉంది.

"ఏ రంగుండేదన్నా?"

"చామనచాయేనప్పా."

"చామనచాయ నా కాడ అరవై రకాలుండాయి. వీటిలో ఏదో చూపీ."

వెంకటగిరియప్ప డబ్బాలన్నీ చూశాడు. ఒకటి తీసి పెట్టేవాడు, ఇంకోటి తీసి తల అడ్డంగా ఊపేవాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పెళ్ళాం చేతి అన్నం అన్నేళ్ళు తిని, ఆ చేతి రంగు చెప్పలేకపోతున్నానే అని ఆయన దుఃఖం. అప్పుడే సొన్నమ్మ మజ్జిగ చెంబు తెచ్చి ముందు పెట్టింది. వెంకటగిరియప్ప చూపు ఆమె ముంజేయి మీద ఆగిపోయింది.

"ఇదో, ఇట్లనే ఉండేది. మీ ఇంటామె మాదిరే. నీకు దండం పెడతానమ్మా, తప్పనుకోవద్దు."

సొన్నమ్మ సిగ్గుపడింది గానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వారం రోజులు ఆ చెయ్యి పక్కన పెట్టి చూస్తూ మొగుడు రంగు కలిపాడు. ఎరుపు ఇంకొంచెం, కావి ఇంకొంచెం, మళ్ళీ సుద్ద. చివరికి కడ్డీని ముంజేతి మీద పెడితే ఎక్కడుందో తెలియకుండా పోయింది. సొన్నమ్మ నవ్వి, "నా చెయ్యి నేనే తాల్చి ఆరబెట్టినట్ల ఉండాది" అంది. అది నూటపదిహేడో రంగు. రెండు కడ్డీలు అయ్యాయి. ఒకటి నాగమ్మ ముఖానికి, మెడకు సరిపోయింది. పటం తీసుకోవడానికి వచ్చిన వెంకటగిరియప్ప, నొసట అణా బిళ్ళంత బొట్టు చూసి నేల మీద కూలబడి ఏడ్చాడు.

డెబ్బై ఏడు నాటికి డబ్బాల్లో రెండువందల పన్నెండు రంగులు అయ్యాయి. ఆ ఏడే సొన్నమ్మకు కామెర్లు వచ్చాయి. మూడు వారాలు ఆసుపత్రిలో ఆమె పక్కన కూర్చుని రామాంజినప్ప చూసినదంతా పసుపే. కళ్ళు పసుపు, గోళ్ళు పసుపు, ఆ ముంజేయి కూడా పసుపే. అదే రంగుతో ఆమె వెళ్ళిపోయింది. వాళ్ళకు పిల్లలు లేరు. ఫోటో అంటే పెళ్ళినాటి గుంపు ఫోటో ఒక్కటే, అందులో ఆమె తల వంచుకుని ఉంది. పదిహేనో రోజున రామాంజినప్ప కాగితం పరుచుకుని కూర్చున్నాడు. కళ్ళు మూసుకుంటే పసుపుముఖమే వస్తోంది. డబ్బా తెరిచి, నూకల్లోంచి నూటపదిహేడో కడ్డీ తీశాడు. అది పెళ్ళాం అసలు చెయ్యి. దాన్ని గుప్పిట్లో పట్టుకుని, ఏడ్చినంతసేపు ఏడ్చి, ఆ తర్వాత ముఖం గీశాడు. కడ్డీ సగం అయిపోయింది. పటం వాకిలికి ఎదురుగోడకు తగిలించాడు, ఇంటికి వస్తూనే ఆమె కనిపించాలని.

డెబ్బై తొమ్మిది మహాలయ అమావాస్య, పోయిన పెద్దల పటాల ముందు వండినవన్నీ ఎడ పెట్టే రోజు. ప్రతి ఇంట్లోనూ పటాలు దించి తుడుస్తారు. ఆ పొద్దున వెంకటగిరియప్ప గుడ్డ చుట్టిన పటంతో వచ్చి, కూర్చోకుండానే విప్పాడు.

"నేను బతికే ఉండాను కదా రామాంజినప్పా. నా పెండ్లాం నొసట బొట్టు ఎట్ల పాయె?"

రామాంజినప్ప చూశాడు. బొట్టు ఉన్నచోట మాసిన మరక ఉంది. పెదవుల్లో రక్తం లేదు. చెంపలు బూడిద కలిపిన పసుపు. కావి ఉంది, పసుపు ఉంది, ఎరుపు ఒక్కటే లేచిపోయింది.  తలెత్తి ఎదురుగోడ చూశాడు. సొన్నమ్మ ముఖం కూడా సగం దారిలో ఉంది. రెండేళ్ళుగా రోజూ చూస్తున్న కళ్ళకు అది కనబడనేలేదు.

నాగమ్మ పటాన్ని చంకన పెట్టుకుని అన్న దగ్గరికి పరిగెత్తాడు. పెద్దమునియప్ప నీడపందిరి కింద చిలపలు ఆరేస్తున్నాడు. పటం చూశాడు, తమ్ముణ్ణి చూశాడు.

"నాయిన నిన్ను ఏంటికి కొట్టినాడో తెలుసా?"

పెద్దమునియప్ప చేతిలోని చిలపను పందిరికి వేసి, పటంలో బొట్టు మరకను వేలితో చూపాడు.

"ఈ ఎరుపు ఎండకు నిలిచేది కాదురా. పట్టుచీరంటే బీరువాలో ఉంటాది. పెండ్లికో, పండగకో కడతారు, మళ్ళా మడిచి పెడతారు. దాన్ని ఎవురన్నా గోడకు వేలాడేసి ఏండ్ల తరబడి చూస్తారా? నువ్వు రంగు తీసకపోతాంటే, ఈ ఇంట్లో పుట్టినోడు, తెలిసే ఉంటాదిలే అనుకొంటి."

తెలియదని ఎవరితో చెప్పుకోవాలి? ఆ పందిరి కిందే పెరిగాడు. చెంపదెబ్బ తిని మరీ నేర్చుకున్నాడు. కడ్డీలు నీడలో ఆరబెడుతూ కూడా, ఆ కడ్డీతో గీసిన ముఖానికి నీడ కావాలని తోచలేదు. పరాయి మనిషైతే పది మందిని అడిగి, ఎండలో పెట్టి చూసి వాడేవాడేమో. వీళ్ళింట్లో అడగడమేమిటి, తాతలనాటి రంగు! ఈ కథ చెబుతున్న నాకైతే ఆయన మీద కోపం రావాలి, రావడం లేదు.

అయినా ఆశ చావక, ఒక అట్ట మీద డబ్బాలోని ఎరుపులన్నీ గీసి, సగం రేకుతో మూసి మిద్దె మీద ఎండలో పెట్టాడు. వానపడే సూచనలు ఉంటే లోపలికి తెచ్చి, ఎండ రాగానే మళ్ళీ పెట్టాడు. నెల తర్వాత రేకు తీస్తే, మూసిన సగంలో గీతలు నిగనిగలాడుతున్నాయి. తెరిచిన సగంలో ఏమీ లేదు. డబ్బాలు తెరిచి చూశాడు. నూకల్లో, చీకట్లో రెండువందల పన్నెండు రంగులూ కొత్తవాటిలా ఉన్నాయి. ఇళ్ళలో గోడల మీద మాత్రం ఆయన గీసిన మనుషులు ఒక్కొక్కరే రెండోసారి పోతున్నారు.

ఆ తర్వాత పటాలు రావడం మొదలైంది. కొందరు తిట్టారు. కొందరు ఏమీ అనకుండా గుమ్మంలో ఆనించి వెళ్ళిపోయారు, అది ఇంకా కష్టంగా ఉండేది. ఎర్రమట్టి రుద్ది చూశాడు, ముఖాలు ఇటుకల్లా తయారయ్యాయి. పూజసామాన్లు అమ్మే గ్రంధిగె అంగడి నుంచి ఎర్రటి ఇంగిలీకం తెచ్చి నాగమ్మ బొట్టు దిద్దాడు. బొట్టు నిలిచే రంగే. కానీ పాలిపోయిన ఆ ముఖం మీద అంత ఎర్రబొట్టు చూసి వెంకటగిరియప్ప ముఖం తిప్పుకున్నాడు.

"శవానికి బొట్టు పెట్టినట్ల ఉండాదప్పా. వద్దు, ఉండనీలే."

పటం పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజునుంచి రామాంజినప్ప పటాలు చేయడం మానేశాడు. సొన్నమ్మ పటాన్ని నల్లటి గొడుగుగుడ్డలో చుట్టి పట్టుచీరలు పెట్టే ట్రంకులో పెట్టాడు. మిగిలింది నూటపదిహేడో కడ్డీ, సగం వేలంత. దానితో ఒక ముఖాన్ని మళ్ళీ ఒక్కసారి నిలబెట్టవచ్చు. ప్రతి మహాలయ అమావాస్యకూ తీసి, పటం పక్కన పెట్టుకుని కూర్చుని, ఈ ఏడు వద్దు, వచ్చే ఏడు చూద్దాంలే అని మళ్ళీ నూకల్లో దాచేవాడు. వేస్తే మళ్ళీ పోతుంది. వేయకపోతే ఆమె అలాగే ఉంటుంది. ఏది చేయడానికీ చెయ్యి రాలేదు.

"కొత్తది కలుపుదాం రా, నేనూ కూసుంటా" అని పెద్దమునియప్ప ఒకసారి అన్నాడు. అన్నదమ్ములిద్దరూ పదిహేడుసార్లు కలిపారు.

"ఇదేనేమోరా?"

"ఏ చెయ్యి పక్కన పెట్టి చూసేదన్నా?" అన్నాడు తమ్ముడు. దాంతో ఆ ప్రయత్నం ఆగిపోయింది.

ఎనభై అయిదులో దేవనహళ్ళి నుంచి కార్డు వచ్చింది. వెంకటగిరియప్ప అంగడి మూసి సొంతూరు చేరి మూడేళ్ళయింది. గుండె బాగాలేదట. 'ఈ అమావాస్య దాటనని డాక్టరు చెప్పకపోయినా నాకు తెలుస్తా ఉండాది. నాగమ్మను ఒక్కసారి ఉన్నట్ల చూడల్ల. ఆ కడ్డీ ఇంకా ఉంటే రాప్పా' అని రాయించాడు.

రామాంజినప్ప ఆ పూటే జవాబు రాశాడు. ఆ కడ్డీ ఎప్పుడో అయిపోయిందని, క్షమించాలని. కార్డు పోస్టు డబ్బాలో వేసి వచ్చి, బిస్కెట్ డబ్బా తెరిచి కడ్డీని చూసుకున్నాడు. నాది, నా పెళ్ళాం చెయ్యి, నేనెందుకు ఇవ్వాలి అనుకున్నాడు. రెండు రోజులు అదే అనుకున్నాడు. మూడో రోజు ఇంకో సంగతి మనసులో మెదిలింది. ఆ రోజు వెంకటగిరియప్ప అడగకపోతే సొన్నమ్మ చెయ్యి పక్కన కూర్చుని ఎవరు రంగు కలిపేవాళ్ళు? ఆయన పెళ్ళాం పోబట్టి కదా తన పెళ్ళాం రంగు తనకు మిగిలింది. ఆ పొద్దునే కడ్డీని నూకలతో సహా చిన్నడబ్బాలో పెట్టుకుని దేవనహళ్ళి బస్సెక్కాడు.

వెంకటగిరియప్ప నులకమంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. దిండు పక్కన రామాంజినప్ప రాసిన కార్డు ఉంది.

"అయిపాయెనని రాస్తివే?"

"దొరికిందన్నా."

ముసలాయన ఆ కార్డును దిండు కిందికి తోశాడు. "మీ ఇంటామె పటానికో?"

"ఆమె పెట్టెలో ఉండాది. చీకట్లో ఏం కాదు." చిన్నడబ్బా మూత తీస్తూ, "ఇదీ మళ్ళా మూడు నాలుగేండ్లకు పోతాదన్నా" అన్నాడు.

"అన్ని ఏండ్లు ఎవురికి కావల్లప్పా? నాకు నాలుగు దినాలు సాలు."

పటం ఫ్రేములోంచి తీసి, కిటికీ దగ్గర బల్ల మీద పరిచి పని మొదలుపెట్టాడు. నుదురు, ముక్కు, చెంపలు. కడ్డీ అరిగి గింజంత అయింది. ఆ గింజను వేలి కింద నలిపి గడ్డానికి రుద్దాడు. ఇక ఏమీ లేదు. ఇంగిలీకం బొట్టు ఇప్పుడు నాగమ్మ ముఖంలో కుదురుగా కూర్చుంది. పటాన్ని మంచానికి ఎదురుగా నిలబెట్టాడు.

"వచ్చిందప్పా" అన్నాడు వెంకటగిరియప్ప. ఆ తర్వాత రామాంజినప్ప ఇంట్లో ఉన్న సంగతే మరిచిపోయినట్టు చూస్తూ ఉండిపోయాడు.

కోడలు చేతులు కడుక్కోమని నీళ్ళచెంబు తెచ్చింది. రామాంజినప్ప కుడిచేతిని వెనక్కి పెట్టుకున్నాడు. కాఫీ లోటాను ఎడమచేత్తో అందుకుంటే ఆమె ముఖం ముడుచుకుంది. పెద్దమనిషి, ఇంత మర్యాద తెలియదా అనుకుని ఉంటుంది. దాచుకున్న ఆ కుడిచేతి చూపుడువేలి మీద, నడిమివేలి మీద పొడి ఇంకా కొంచెం ఉంది.

వచ్చేటప్పుడు బస్సు కిక్కిరిసి ఉంది. ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని, కుడిచేతిని గాలి తగలకుండా పంచెమడతలో దాచుకుని నిలబడ్డాడు. టికెట్ డబ్బులు ఎడమచేత్తో తీయబోయి నేల మీద పోసుకున్నాడు. కండక్టర్ విసుక్కున్నాడు. బస్సు కుదిపినప్పుడల్లా ఎవరో ఒకరు మీద పడేవాళ్ళు. అన్నీ ఓర్చుకుని, ఆ రెండు వేళ్ళు మాత్రం దేనికీ తగలనివ్వలేదు.

ఇంటికి రాగానే అన్నను కేకేశాడు. పెద్దమునియప్ప తొట్టి దగ్గరినుంచి వంకాయరంగు చేతులతోనే వచ్చాడు.

"ట్రంకు తియ్యన్నా. నా చెయ్యి ఖాళీ లేదు."

పెద్దమునియప్ప చేతులు తుడుచుకుని, గొడుగుగుడ్డ విప్పి, అద్దం తీసి, పటాన్ని చాప మీద పెట్టాడు. రామాంజినప్ప మోకాళ్ళ మీద వంగి, చూపుడువేలును సొన్నమ్మ ఎడమచెంప మీద మెల్లగా రుద్దాడు. తర్వాత నడిమివేలు. పాలిపోయిన ముఖంలో ఆ ఒక్క చెంపా వెచ్చబడింది. ఇంకా రుద్దాడు. వేళ్ళు తుడిచినట్టు తెల్లబడ్డాయి.

"రెండో చెంపకో?" అన్నాడు పెద్దమునియప్ప.

తమ్ముడు చెయ్యి చాపి చూపించాడు.

 "మళ్ళా పెట్టెలో పెట్టేదా?" అని అన్న అడిగాడు. "వద్దన్నా, ఉన్నన్ని దినాలు చూస్తాను" అన్నాడు తమ్ముడు. పటాన్ని అద్దంలో బిగించి ఎదురుగోడకు పాత మేకుకే తగిలించారు. పెద్దమునియప్ప తన ఇంటినుంచి అన్నం, చారు తెచ్చి కంచంలో పెట్టాడు.

"చెయ్యి కడుక్కో రా, తిందువు."

రామాంజినప్ప కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. దానికి రంగేమీ మిగల్లేదని ఇద్దరికీ తెలుసు. పెద్దమునియప్ప చేతులు కడుక్కుని వచ్చి, తనే అన్నం కలిపి, ముద్ద చేసి, తమ్ముడి నోటికి అందించాడు.